ఎడమ బీజం

తలుపు మీద ఎర్ర దీపం వెలిగేటప్పటికి తొమ్మిదీ పది అయింది. గంట పడుతుందన్నారు. గంటంటే బడిలో ఒక పీరియడ్డు, హాజరు పిలవడం పోగా నలభై అయిదు నిమిషాలు, అంతసేపట్లో నేను గుండెకున్న నాలుగు గదులూ చెప్పెయ్యగలను, మూత్రపిండం బొమ్మ రంగులతో సహా వెయ్యగలను, కానీ ఈ ఇనప కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ గంట ఎలా గడపాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు. పక్క కుర్చీలో అమ్మ. మరదలు మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లింది. లోపల నా తమ్ముడు. ముప్పై ఒక్క ఏళ్లవాడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఒక్క చోట కుదురుగా నిలవడు గనక ఇంట్లో వాడి పేరు పిచిక. ఇవాళ మత్తిచ్చి కుదురుగా పడుకోబెట్టారు. వాడి ఎడమ వృషణాన్ని తీసేస్తున్నారు. దాని లోపల బఠాణీ గింజంత గడ్డ ఉంది. అది క్యాన్సరేనని తొంభై పాళ్లు నమ్మకం, మిగతా పది పాళ్లు ల్యాబు వాళ్లు తేల్చాలి.

ఇప్పుడు కత్తి పెడుతూ ఉంటాడు సర్జను. గజ్జల్లో, పొత్తికడుపు మడతకి సమాంతరంగా, నాలుగు వేళ్ల మేర. మొన్న కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తుంటే పిచిక మధ్యలో అడ్డుపడ్డాడు. "సంచీలో ఉన్నదానికి ఇక్కడ కొయ్యడమేంటి సార్, మూడో అంతస్తులో లిఫ్టు ఆగితే అయిదో అంతస్తు తలుపు తీసినట్టు?" సర్జను నోరు తెరిచేలోగా జవాబు నేనే చెప్పేశాను, పదిహేడేళ్ల అలవాటు, ప్రశ్న వినపడితే నా నోరు ఊరుకోదు. అది వచ్చిన దారి అదేరా. అమ్మ కడుపులో ఉన్నప్పుడు వృషణాలు పుట్టేది కింద కాదు, మూత్రపిండాల పక్కన, నడుము దగ్గర. అక్కణ్నుంచి నెలల తరబడి మెల్లగా దిగుతూ, గజ్జల్లో ఉన్న సన్నటి సందులోంచి దూరి, పుట్టేనాటికి సంచీలోకి చేరతాయి. దిగుతూ దిగుతూ తమ రక్తనాళాన్ని కూడా వెంట లాక్కొచ్చుకుంటాయి. ఇల్లు మారినా పాతింటి నీళ్ల గొట్టాన్ని మాత్రం వదులుకోని మనిషిలాగా. అందుకే నెత్తురు ఇప్పటికీ అంత దూరం నుంచి, మూత్రపిండాల ఎత్తునుంచి దిగొస్తుంది. సర్జను పెన్ను మూత పెట్టి, "మీ అక్కగారే చెప్పేశారు, ఇక నాకు పనేముంది," అన్నాడు. పిచిక కాగితాన్ని చాలాసేపు చూసి, "దీన్ని బిగించినవాడు ఎవడోగానీ, పనితనం తెలిసినవాడు," అన్నాడు.

పనితనం. ఆ మాట పట్టుకునే మూడు రోజులుగా నడుస్తున్నాను. భయం వేసినప్పుడల్లా దాన్ని తీసి చూసుకుంటున్నాను. ఇప్పుడు కూడా, ఈ నడవాలో ఎవరో తడిగుడ్డతో నేల తుడుస్తూ వస్తుంటే, ఆ మందు నీళ్ల వాసన గొంతులో దిగుతుంటే, కళ్లు మూసుకుని మొదట్నుంచీ వేసుకుంటున్నాను బొమ్మని. కోడిగుడ్డు కంటే చిన్నది, ద్రాక్షపండు కంటే పెద్దది. పైన తెల్లని దిట్టమైన పొర. లోపల రెండు మూడొందల చిన్న గదులు, గదికి రెండో మూడో నాళికలు, వెంట్రుకంత సన్నవి, ఉండలు చుట్టుకుని. ఆ నాళికల గోడల్లోనే శుక్రకణాలు పుడతాయి. క్షణానికి వెయ్యి. అమ్మ ఇప్పుడే నిట్టూర్చింది చూడండి, ఆ నిట్టూర్పు పూర్తయ్యేలోపు ఆరోగ్యమైన మగవాడి ఒంట్లో మూడువేలు తయారై ఉంటాయి, వాడు లిఫ్టు బాగుచేస్తున్నా సరే, నిద్రపోతున్నా సరే, అక్కతో దెబ్బలాడుతున్నా సరే. అలాగని గబగబా చేసి పారేసిన సరుకూ కాదు. ఒక్కొక్క కణం తయారీకి డెబ్భై రోజులు. ముందు గుండ్రటి మామూలు కణం, ఆ తర్వాత దానికున్న సామాను అంతా సగానికి సగం తగ్గించుకోవడం, ఆనక తోక మొలవడం, ఒంట్లో బరువన్నది లేకుండా ఊడ్చేసుకుని చివరికి ఒక తల, మెడలో కాస్త ఇంధనం, ఒక తోక. ప్రయాణానికి బయల్దేరే మనిషి ఎవరైనా అంత తక్కువ మూటతో బయల్దేరాడా?

నేనీ పాఠం మొదటిసారి చెప్పినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. కొత్త ఉద్యోగం. హెడ్మాస్టరు గదికి పిలిచి పుస్తకం మూసి మరీ చెప్పాడు. "ఆ పాఠం పిల్లలు ఇంట్లో చదువుకుంటారు లెండమ్మా. పరీక్షలో ఎలాగూ వదిలెయ్యచ్చు."

"ఊపిరితిత్తుల పాఠం ఇంట్లో చదువుకోమంటామా సార్?"

"ఊపిరితిత్తుల గురించి ఎవరూ మరుగుదొడ్డి గోడల మీద రాయరు కదమ్మా."

"అందుకే సార్. గోడ మీద చూసేకంటే బోర్డు మీద చూడ్డం మంచిది కదా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, తుడుస్తూనే ఉన్నాడు, అది సరేనన్నట్టే అనుకుని బయటికొచ్చేశాను. అసలు చిక్కు హెడ్మాస్టరు కాదు. ఆ తరగతిలో మూడో బెంచీలో నా తమ్ముడు కూర్చుంటాడు. పద్నాలుగేళ్లు వాడికి. ముందు రాత్రి చెప్పాను, రేపు ఆ పాఠం చెబుతాను, కావాలంటే కడుపునొప్పి అని మానెయ్యమని. మానలేదు. వచ్చి కూర్చుని, బెంచీ చెక్కమీద ఎవరో చెక్కిన పేరుని పరీక్షకి చదివినట్టు చదువుతూ తల ఎత్తలేదు. నేను బోర్డు మీద పాఠం పేరు రాయగానే గది గొల్లుమంది. చాక్‌పీసు పక్కన పెట్టి, "నవ్వండి. మీకు రెండు నిమిషాలు ఇస్తున్నాను. టైము చూస్తూ ఉంటాను," అన్నాను. నలభై సెకన్లు నవ్వారు. తర్వాత నవ్వు కొని తెచ్చుకున్నారు. నిమిషం తిరిగేసరికి గదిలో చీమ నడిచినా వినపడేలా అయింది. అప్పుడు సంచీలోంచి అమ్మ దారపు ఉండ తీశాను.

అమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. నాన్న పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ కాజాల మీదే పెంచింది, ఎన్ని లక్షల కాజాలు కుట్టిందో, ఇప్పుడు కూడా పక్క కుర్చీలో ఊరికే కూర్చున్నా ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిసి కనపడని సూదిని లాగుతూనే ఉన్నాయి. ఆవిడ ఉండలోంచి ఆరు మీటర్లు కొలిచి తెంపుకుని, పిడికిట్లో నలిపి పెట్టుకున్నాను. ముందు బెంచీ అమ్మాయిని పిలిచి కొస పట్టుకుని నడవమన్నాను. ఆ అమ్మాయి తలుపు దాకా నడిచింది, తలుపు దాటి వరండాలోకి వెళ్లింది, ఇంకా దారం వస్తూనే ఉంది. వృషణం వీపున కామాలాగా ఒరిగి ఉండే ఎపిడిడిమిస్ ఇదే, చిటికెన వేలంత చోట ఆరు మీటర్ల గొట్టం, శుక్రకణాలు ఇందులోకి వచ్చేటప్పుడు వాటికి ఈత రాదు, ఈ ఆరు మీటర్లూ పన్నెండు రోజుల పాటు దాటేసరికి ఈత నేర్చుకుంటాయి, అన్నాను. వెనక బెంచీ వాడెవడో, "మా బావకి ఆరు నెలలైనా రాలేదు టీచర్," అన్నాడు. ఈసారి నవ్వు వేరు. ఆ నవ్వులో నేను కూడా కలిశాను. ఇక వృషణంలోని నాళికలన్నీ విప్పి కలిపితే బడి గేటు నుంచి బస్టాపు దాకా వస్తాయి అనేసరికి మగపిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పద్నాలుగేళ్లొచ్చినా వాళ్ల ఒంటి గురించి వాళ్లకి తెలిసినవి తిట్లే. అందులో మెచ్చుకోదగ్గది ఏదో ఉందని మొదటిసారి విన్న మొహాలు అవి. అప్పటినుంచి నాకు దారం టీచర్ అని పేరొచ్చింది. పాఠం చివర, పుస్తకంలో లేకపోయినా, ఒక మాట చెప్పాను. నెలకోసారి స్నానం చేసేటప్పుడు చేత్తో చూసుకోండి. బఠాణీ గింజలాంటిది గట్టిగా తగిలితే ఎవరికైనా చెప్పండి. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, నొప్పి లేకపోతే ఇంకా త్వరగా చెప్పండి.

ఆ రాత్రి అన్నాల దగ్గర పిచిక మెతుకులు కెలుకుతూ కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లాక గొంతు తగ్గించి, "అక్కా, ఎడమది కొంచెం కిందికి ఉంటే రోగమా?" అన్నాడు. కాదురా, చాలామందికి అంతే, అన్నాను. వాడు వదిలిన ఊపిరికి కంచం పక్కన కాగితం ఎగిరింది. "రెండేళ్లుగా భయపడి చస్తున్నాను," అన్నాడు. రెండేళ్లు! ఒకే గదిలో పడుకునేవాళ్లం, వాడి దగ్గు దగ్గు కాకముందే నాకు తెలిసేది, ఈ రెండేళ్ల భయం మాత్రం తెలియలేదు. వంటింట్లో అమ్మ కొళాయి ఇంకాస్త గట్టిగా తిప్పింది.

తొమ్మిదీ నలభై. గోడ గడియారానికి ముల్లు ఉన్నట్టుండి దూకే జబ్బు ఉంది, నిమిషమంతా కదలదు, ఆనక ఒక్కసారి గెంతుతుంది. ఇప్పుడు నాళాన్ని ముందు బిగించి ఉంటాడు, గడ్డలోంచి కణం ఒక్కటి కూడా పైకి జారకుండా. సన్నని కండరం ఒకటి ఉంటుంది ఆ నాళాన్ని చుట్టి. చలేస్తే సంచీని పైకి లాగుతుంది, వేడి చేస్తే కిందికి వదులుతుంది. ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉంటేనే శుక్రకణాలు సరిగా తయారవుతాయి, అందుకే ఇంత విలువైన సరుకుని ఎముకల పంజరం లోపల దాచకుండా బయట వేలాడదీసింది ప్రకృతి, తగిలితే ప్రాణం పోతుందని తెలిసి కూడా. పైనుంచి దిగే వేడి నెత్తురు కాస్త చల్లబడాలని, ఆ రక్తనాళం చుట్టూ చల్లటి సిరల్ని తీగల్లా అల్లింది. ఇది చెప్పినప్పుడు పిచిక, "అంటే మాకూ లిఫ్టే అన్నమాట. కరెంటు లేకుండా, మీట నొక్కకుండా. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మధ్యలో ఆగిపోలేదు," అని మెచ్చుకున్నాడు. ఆపరేషన్ బల్ల ఎక్కడానికి రెండు రోజుల ముందు మాట అది.

పదకొండు రోజుల కిందట, మూడో పీరియడ్డు, ఫోను మోగితే వరండాలోకి వచ్చాను. "టీచర్," అన్నాడు. ఇంట్లో అక్కా అనేవాడు బడి వదిలేసిన పదిహేనేళ్లకి టీచర్ అన్నాడు. "బఠాణీ గింజ తగిలింది టీచర్. నొప్పి లేదు." అంతే. వాడు ఒక భవనం నెత్తిన లిఫ్టు మోటారు గదిలో ఉన్నాడట, పొద్దున స్నానంలో తగిలిందట, సాయంత్రం దాకా ఆగుదామనుకున్నాడట, నా గొంతే చెవిలో జోరీగలా రొద పెడుతుంటే ఆగలేకపోయాడట. మర్నాడే స్కానింగు. ఆ మర్నాడు రక్తపరీక్షలు. కడుపూ ఛాతీ ఫొటోలు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఒకటి తీసేసినా రెండోది పని చూసుకుంటుంది, గొంతూ గడ్డమూ సంసారమూ దేనికీ లోటు రాదు, అయినా ముందుజాగ్రత్తగా శుక్రకణాలు దాచిపెట్టుకోండి అన్నారు. దానికి వెళ్లొచ్చి వాడు చెప్పిన కథ తలుచుకుంటే ఇక్కడ కూడా పెదవులు కదిలాయి. చిన్న గది, బయట కుర్చీలో మరదలు, తలుపు మీద "దయచేసి తొందరపడకండి" అని బోర్డు. "అలా రాసి పెట్టాక ఎవడికి కుదురుతుందక్కా!" అన్నాడు. తర్వాత ల్యాబు అతను తెర మీద చూపించాడట వాళ్లిద్దరికీ. అప్పటిదాకా నవ్వించినవాడు అక్కడ గొంతు మార్చాడు. "చూశానక్కా. బడి వదిలిన పిల్లల్లా ఉన్నాయి. ఒక్కటీ ఊరుకోవటం లేదు. ఇవన్నీ నాలోనే ఉన్నాయా అనిపించింది. ఇది ఏడ్చేసింది, నేను కాదు," అన్నాడు. ఇది అంటే మరదలు. ఇద్దరూ ఏడ్చారని మరదలు తర్వాత చెప్పింది.

అమ్మకి మొదట హెర్నియా అని చెప్పాం. నాలుగు గోడల మధ్య బోర్డు మీద రాసే మాట అమ్మ మొహం మీద అనలేకపోయాను. మూడు రోజుల కిందట వంటింట్లో చెప్పేశాను. అమ్మ పొయ్యి ఆపింది. గిన్నె దింపింది. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. "మీ నాన్నకీ ఇలాగే ఉండేది," అంది.

నాన్న లారీ నడిపేవాడు. నాకు పదకొండేళ్లప్పుడు, పిచికకి రెండేళ్లప్పుడు, దగ్గి దగ్గి పోయాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయని అందరూ అన్నారు, నేను కూడా అదే అనుకుంటూ పెరిగి, ఊపిరితిత్తుల పాఠం చెప్పినప్పుడల్లా ఆయన్ని తలుచుకున్నాను. అమ్మ చెప్పింది. దగ్గుకి ఏడాదిన్నర ముందే ఒక పక్క రాయిలా గట్టిపడిందట. ఆవిడకి తెలుసు. పద చూపించుకుందామంటే, "నలుగురూ నవ్వుతారే," అన్నాడట, ఎవరికీ చెప్పనని తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడట. ఛాతీ పరీక్ష చేసిన డాక్టరుకీ కింద చూపించలేదు. అది అక్కణ్నుంచి, పుట్టినచోటు దాకా, ఆ పైన ఛాతీ దాకా పాకి ఉంటుంది, దిగొచ్చిన దారినే వెనక్కి. ముప్పై నాలుగేళ్ల మనిషి. ఎవరు నవ్వుతారని భయపడ్డాడో ఆ నలుగురిలో ఒక్కడైనా ఇవాళ ఆయన్ని గుర్తుపెట్టుకున్నాడా? "వాడికి చెప్పకు. డాక్టరుకీ చెప్పకు. ఒట్టేశాను," అంది అమ్మ. సర్జను మొదటి రోజే అడిగాడు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని, లేదన్నాను, అప్పుడు నాకు తెలియదు. తెలిశాక మూడు రోజులుగా రోజుకి రెండుసార్లు ఆయన ఎదుట నిలబడ్డాను, నోరు విప్పలేదు. పదిహేడేళ్లు ఎవరి పిల్లలకో సిగ్గుపడకుండా చెప్పమన్నదాన్ని, నా ఇంటి దగ్గరికొచ్చేసరికి నోటికి తాళం వేసుకున్నాను. అమ్మ వైపు చూశాను. ఆవిడ వేళ్లు ఆగాయి. దీపం ఆరింది.

సర్జను తలకున్న టోపీ తీసుకుంటూ వచ్చాడు, చేతిలో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా. "అయిపోయింది. శుభ్రంగా వచ్చింది. గడ్డ ఇంకా పొర దాటలేదు, కంటికి కనపడినంతవరకూ. బహుశా దీంతోనే సరిపోతుంది, నెలనెలా చూపించుకుంటే చాలు. రిపోర్టు వచ్చాక గట్టిగా చెబుతాను." ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "సాధారణంగా మా దగ్గరికి ఏడాది దాచుకుని వస్తారు. గడ్డ తగిలిన పదకొండు రోజుల్లోనే బల్ల ఎక్కినవాణ్ని నేను చూడలేదు. ఈ డబ్బా కింద ల్యాబులో ఇచ్చి వస్తారా? మా మనిషి ఇవాళ రాలేదు. మీరైతే కంగారు పడరు."

తీసుకున్నాను. కొంచెం గోరువెచ్చగా ఉంది. మెట్ల మలుపులో కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తాను, అమ్మ పక్కనే నిలబడింది, వద్దనలేదు. బోర్డు మీద పదిహేడేళ్లు గీశాను గానీ నిజంది ఎప్పుడూ చూడలేదు. నా బొమ్మలు ఎంత బీదవో! ఆ తెల్లటి పొర ముత్యంలా మెరుస్తోంది, దాని మీద ఎర్రటి సన్నని గీతలు నదుల పటంలా. వీపున ఎపిడిడిమిస్, నేను గీసే కామా కాదు, నిద్రపోతున్న పిల్లాడి చెయ్యిలా ఒరిగి ఉంది. పైకి నాళం, వేలెడు పొడవున. ఒక చోట ఉబ్బు. దాన్ని ద్వేషిద్దామనుకున్నాను, చూపు అక్కడ నిలవలేదు, మిగతా దానిమీదికే పోయింది. ఇరవై ఏళ్ల పాటు క్షణానికి వెయ్యి చొప్పున, ఎవరూ చూడకుండా, ఎవరూ మెచ్చుకోకుండా, తిట్లు తప్ప ఇంకేమీ వినకుండా పనిచేసింది ఇది. "ఇంతేనా?" అంది అమ్మ మెల్లగా. "ఇంతేనే అమ్మా." "బాగుంది," అంది. ఆవిడ ఆ మాట అంటుందని నేను అనుకోలేదు.

ల్యాబు కిటికీ ముందు ఏడెనిమిది మంది వరసలో ఉన్నారు. అద్దం వెనక గుమాస్తా, పాతికేళ్లు ఉంటాయేమో, ఫారం ముందుకి లాక్కున్నాడు. "ఏం శాంపిల్ మేడమ్?" నేను నోరు తెరిచేలోగా అమ్మ నా మోచేతిని పక్కకి జరిపి కిటికీ దగ్గరికి వచ్చింది.

"నా కొడుకుది బాబూ. ఎడమ బీజం."

వెనక వరసలో ఎవరో దగ్గారు. గుమాస్తా తల దించుకుని రాశాడు. వయసు రాశాడు, సర్జను పేరు రాశాడు. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆపి, మామూలుగా అందర్నీ అడిగినట్టే అడిగాడు. "ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా?"

అమ్మ కిటికీ అంచుని రెండు చేతులతో పట్టుకుంది.

"ఉంది. వీడి నాన్నకి. ముప్పై నాలుగో ఏట. రాసుకో."

"ఇప్పుడెలా ఉన్నారమ్మా ఆయన?"

"ఎవరికీ చెప్పుకోలేదు బాబూ," అంది అమ్మ. "అందుకని లేరు."

గుమాస్తా ఒక క్షణం ఆవిడ వైపు చూసి, రాశాడు. రాసి ఫారం తీసుకోబోతుంటే అమ్మ అద్దం కింద నుంచి చెయ్యి పెట్టి ఆ కాగితాన్ని తనవైపు తిప్పుకుంది. కళ్లజోడు సర్దుకుని, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ, ఆయన గురించి సరిగ్గా రాశాడో లేదో చూసుకుంది.